మూలికల మాటున కల్తీ

సంపాదకులకు,

దాంపత్య సమస్యలకు మూలికా వైద్యం గురించి గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. అశ్వగంధనీ పల్లేరునీ ఒకే గాటన కట్టి, అన్నీ శాస్త్రం రుజువు చేసినవే అనడం సరికాదు. అశ్వగంధ మీద మన దేశంలోనే పరీక్షలు జరిగాయి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, వీర్యకణాలు తక్కువున్నవారు 90 రోజులు వేరు సారం తీసుకుంటే కణాల సంఖ్య పెరిగింది. మంచి కబురే. కానీ పాల్గొన్నది 46 మందే. పల్లేరు టెస్టోస్టెరాన్ పెంచుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

అసలు ప్రమాదం కల్తీ. దాని ఊసే వ్యాసంలో లేదు. మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో అంగస్తంభన మందు సిల్డెనాఫిల్ కలుపుతున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. గుండెనొప్పికి నైట్రేట్ బిళ్లలు వాడేవారు తెలియక ఇవి మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఈ మాత్రల కోసం వచ్చేవారు షాపు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడుగుతారు. బీపీ, షుగర్ ఉన్నాయా అంటే తల తిప్పేసుకుంటారు. అంగస్తంభన లోపం షుగర్‌కో గుండెజబ్బుకో తొలి సూచన కావచ్చని వారికి ఎవరు చెబుతారు?

లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా గోడల నిండా అవే పోస్టర్లు. మీ పత్రికలోనైనా అలాంటి ప్రకటనలకు చోటివ్వకండి.

— ఒక ఫార్మసిస్టు, నెల్లూరు