బీటలు వారిన గోడ దగ్గర ఎవరి మాట చెల్లాలి?

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లో, ఢాకా పక్కనున్న సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో ఐదు బట్టల ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. మర్నాడు పొద్దున వాళ్ళని మాత్రం లోపలికి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుందని బెదిరించారు. బీటల్ని చూసి, భయపడుతూనే వాళ్ళు మెట్లెక్కారు. కాసేపటికే భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు. మరో రెండు వేలమందికి పైగా గాయపడ్డారు.

దీన్ని ప్రమాదమని ఎలా అంటాం? అదే భవనం, అవే బీటలు! బ్యాంకు ఉద్యోగి ప్రాణానికి ఒక విలువ, కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ ప్రాణానికి మరో విలువ. 'నేను లోపలికి రాను' అనే హక్కు ఆమెకి ఉండుంటే ఇంతమంది చనిపోయేవాళ్ళు కాదు. పనిచోట భద్రత గురించి ప్రపంచమంతా చేతులు కలపాలని ఉపన్యాసాలు చాలా విన్నాం. ఆ కలిపే చేతులు ఈ 'రాను' అనే మాటకి బలమిస్తాయా లేదా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

బహుళజాతి కంపెనీలు తెచ్చిన 'సహకారం' ఏమిటో చూద్దాం. అది సర్టిఫికెట్ల సహకారం. 2012 సెప్టెంబరులో కరాచీలోని ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకి ఇనుప ఊచలు, తలుపులకి తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది! రాణా ప్లాజాలో కూడా ఆడిట్లు జరిగాయి. ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది? ఆడిటరుకి డబ్బిచ్చేది యజమాని, లేదా కొనే కంపెనీ. రిపోర్టు వెళ్ళేదీ వాళ్ళకే. ఏ గోడ కింద కూర్చుని పనిచేస్తోందో ఆ స్త్రీకి మాత్రం దాన్ని చూపించరు. ఇలాంటి ఆడిట్లు కాపాడేది కంపెనీ పేరునే.

కార్మికులు పోరాడి తెచ్చుకున్న సహకారం వేరే. రాణా ప్లాజా కూలిన మరుసటి నెల, 2013 మేలో, బంగ్లాదేశ్ అకార్డ్ అనే ఒప్పందం కుదిరింది. ఒకవైపు బ్రాండ్లు, మరోవైపు ఇండస్ట్రిఆల్, యూనీ అనే అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు, బంగ్లాదేశ్ యూనియన్లు సంతకాలు చేశాయి. క్రమంగా 200కి పైగా బ్రాండ్లు చేరాయి. 1,600కి పైగా ఫ్యాక్టరీలు దాని కిందికి వచ్చాయి. తనిఖీ రిపోర్టులు అందరికీ కనబడేలా బయటపెట్టాలి. మరమ్మతులు చేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపాలి. మరమ్మతులకి డబ్బు సరిపోయేలా బ్రాండ్లు చూడాలి. ప్రమాదం ఉందనిపిస్తే పనిలోకి వెళ్ళనని కార్మికులు నిరాకరించవచ్చు. మాట తప్పిన బ్రాండు మీద యూనియన్లు చట్టపరమైన చర్య తీసుకోవచ్చు. ఇది కాగితం మీదే ఉండిపోలేదు. 2016లో యూనియన్లు రెండు బ్రాండ్లని హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి లాగాయి. 2018లో ఒక బ్రాండు 20 లక్షల డాలర్లకి పైగా ఇచ్చి రాజీకి వచ్చింది.

అదే సమయంలో వాల్‌మార్ట్, గ్యాప్ వంటి అమెరికా కంపెనీలు యూనియన్ల సంతకం లేకుండా తమ సొంత కూటమి పెట్టుకున్నాయి. భద్రత మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళకి కార్మికురాలితో కలిసి సంతకం పెట్టడానికి ఎందుకు భయం?

'ఇలా అడిగితే ఆర్డర్లు పక్క దేశానికి పోతాయి, ఆడవాళ్ళ ఉపాధే పోతుంది' అని బెదిరించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అకార్డ్ తర్వాత బంగ్లాదేశ్ బట్టల ఎగుమతులు బాగా పెరిగాయే తప్ప తగ్గలేదు. 'కార్మిక ప్రమాణాలన్నీ ధనిక దేశాల ఎత్తుగడ' అనే వాదన కూడా ఉంది. 1996లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో మన ప్రభుత్వం వినిపించినదీ ఇలాంటి వాదనే. ధనిక దేశాల ప్రభుత్వాల మీద అనుమానం న్యాయమైనదే. కానీ ఢాకా యూనియను సంతకం చేసిన ఒప్పందం ఎవరి ఎత్తుగడ? దేశ సార్వభౌమత్వం గురించి మాట్లాడేవాళ్ళు చౌక శ్రమ కోసం వచ్చే పరదేశపు ఆర్డర్లని ఏనాడూ వద్దనలేదు. పెట్టుబడి సరిహద్దులు దాటి రావచ్చు, కార్మికుల ఐక్యత మాత్రం దాటకూడదా?

మన సంగతికి వద్దాం. 2022లో అచ్యుతాపురం సెజ్‌లో ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి స్త్రీలు స్పృహ తప్పారు. రెండుసార్లూ కలిపి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మొదటిసారి తర్వాత, 'ఆ వాయువేమిటో, ఎక్కడినుంచి వచ్చిందో తేల్చేదాకా మేం రాం' అని ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా ఎంతమంది అనగలిగుండేవాళ్ళు? అకార్డ్ లాంటి ఒప్పందమేదీ అప్పటికి వాళ్ళకి అండగా లేదు.

చట్టమేం చేస్తోంది? భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణల్లో ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికులకి వచ్చింది. హెచ్చరించవచ్చు సరే, ఆ తర్వాత? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ ప్రకారం కరెంటుతో నడిచే చోట 20 మంది, కరెంటు లేని చోట 40 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. పాత చట్టంలో ఈ లెక్క 10, 20. ఇన్‌స్పెక్టరు పేరుకి 'ఫెసిలిటేటర్' అనే తోక తగిలించారు. స్త్రీలు సమ్మతిస్తే రాత్రి షిఫ్టుల్లో పనిచేయించుకోవచ్చు. ఇల్లు గడవని మనిషి 'సమ్మతి' ఎలాంటిదో వేరే చెప్పాలా? మరోపక్క 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమైన పనిచోటుని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. విడిగా ఒడంబడికలు ఆమోదించినా, ఆమోదించకపోయినా సభ్య దేశాలన్నీ దాన్ని గౌరవించాలి. దాన్ని మనం అడగకపోతే ఎవరూ తెచ్చివ్వరు.

ఇంకో మాట. భద్రత అంటే మంటలార్పే సిలిండర్లు, మెట్లు మాత్రమేనా? తమిళనాడులోని ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతిని 2021 జనవరిలో ఆమె సూపర్‌వైజరు హత్య చేశాడు. దళిత స్త్రీలు నడిపే అక్కడి యూనియను అంతర్జాతీయ సంఘాలతో కలిసి పోరాడి 2022లో దిండిగల్ ఒప్పందం సాధించింది. ఫ్యాక్టరీ యాజమాన్యం, ఆ బట్టలు కొనే బ్రాండు కూడా దానికి కట్టుబడాలి. లైంగిక వేధింపుల్ని, కులహింసని కనిపెట్టి ఆపే పని అక్కడ పనిచేసే స్త్రీలకే అప్పగించారు. వేధించే సూపర్‌వైజరు కూడా బీటలు వారిన గోడలాంటివాడే అని అంతర్జాతీయ ఒప్పందంలో రాయించింది మనలాంటి స్త్రీలే.

కాబట్టి పనిచోట భద్రత మీద జరిగే వర్క్‌షాపులకి, సమావేశాలకి వెళ్ళే మిత్రులు ఇకనుంచి ఈ ప్రశ్నలు అడగాలి. ఈ ఒప్పందంలో కార్మిక స్త్రీల సంతకం ఉందా? తనిఖీ రిపోర్టు తెలుగులో వాళ్ళ చేతికొస్తుందా? మరమ్మతుల ఖర్చులో బ్రాండు వాటా ఎంత? పని నిరాకరించిన స్త్రీకి ఆ రోజు జీతం ఎవరిస్తారు? ఇంట్లో కూర్చుని పీసు రేటుకి దారాలు కత్తిరించే, గుండీలు కుట్టే స్త్రీ ఇందులో ఎక్కడుంది? జవాబు లేకపోతే ఆ సహకారం మనకోసం కాదని ముఖం మీదే చెబుదాం. మన ఫ్యాక్టరీల్లో ఏ బ్రాండ్ల లేబుళ్ళు కుడుతున్నారో ఊరూరా రాసుకుందాం. ఆ పేర్లు పట్టుకుని ఢాకా, కరాచీ, దిండిగల్ యూనియన్లతో మాట్లాడదాం.