వినే వస్తువును చూడటం తప్పా?

షాద్‌నగర్ బస్టాండు దగ్గర ఒక దుకాణం ముందు నిలబడి, అద్దం వెనుక వేలాడదీసిన హెడ్‌ఫోన్లను చూస్తున్నాను. కొనే ఉద్దేశమేమీ లేదు. ఒకదాని పట్టీ వంపు, అది చెవిగిన్నెను పట్టుకొన్న తీరు బాగున్నాయి, అందుకని చూస్తున్నాను. పక్కనున్న మిత్రుడు విసుక్కొన్నాడు: “పాట చెవులతోని ఇంటరా, కండ్లతోని ఇంటరా?”

అతడు హాస్యానికే అన్నాడు. కాని ఆ హాస్యం వెనుక చదువుకొన్నవాళ్ళలో చాలామంది నమ్మే ఒక సిద్ధాంతమున్నది. ధ్వని మంచిదైతే చాలునట. రూపాన్ని మెచ్చుకోవటం డబ్బున్నవాళ్ళ సోకు, లేదా అంగడివాళ్ళ మాయలో పడటమట. ఈ సిద్ధాంతం తప్పు. అంతేకాదు, దానివల్ల నష్టం కూడా ఉన్నదని నా వాదన.

మొదట మన ఇంటి సాక్ష్యమే చూద్దాం. పాలమూరు నేల మీద పుట్టి పెరిగిన పన్నెండు మెట్ల కిన్నెర ఉన్నది. దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత అది అందరి కంటా పడింది. వెదురు కర్ర, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు, నెమలి ఈకల సింగారం. బుర్ర గుండ్రదనం నాదం కోసమే వచ్చింది. కాని నెమలి ఈక నాదానికి ఏం చేస్తుంది? ఏమీ చేయదు. ఊరూరా తిరిగి కథ చెప్పి బతికే మనిషి, తిండికే కరవైన మనిషి, ఆ ఈకను ఎందుకు కట్టినట్టు? అందం డబ్బున్నవాళ్ళ సోకు అనేవారు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇక మా ఇంట్లోని వాల్వు రేడియో సంగతి. చెక్కపెట్టె, ముందు నేతగుడ్డ, అద్దం మీద వరుసగా ఊళ్ళ పేర్లు, పక్కన ఆకుపచ్చని మ్యాజిక్ ఐ. ఈ పచ్చకన్ను కూడా ఒక వాల్వే. 1935లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ దీన్ని బయటికి తెచ్చింది. స్టేషను సరిగా తగిలితే అందులోని నల్లని నీడ సన్నబడుతుంది, పచ్చని వెలుగు దగ్గరపడుతుంది. మా నాయనమ్మకు అక్షరం రాదు. అద్దం మీది ఇంగ్లీషు పేర్లు ఆమెకు గీతలే. హైదరాబాదు వచ్చేచోట అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టుకొన్నది. ముల్లును బొట్టు దాకా తిప్పి, పచ్చకన్ను మూతపడేదాకా మెల్లగా సవరించేది. “కన్ను మూసిందంటే పాట తేటగొస్తది” అనేది. నా మిత్రుని ప్రశ్నకు ఇదొక జవాబు. మా నాయనమ్మ రేడియోను ముందు కండ్లతోనే విన్నది.

ఆ పెట్టెలో ఊరికే పెట్టినది ఏదీ లేదు. ధ్వని బయటికి రావాలి కనుక గుడ్డ, చీకట్లోనూ కనబడాలి కనుక అద్దం వెనుక దీపం. ఈ ధర్మం ఆ ఒక్క పెట్టెదే కాదు. జర్మనీలో బ్రౌన్ కంపెనీ 1956లో ఎస్‌కే 4 అనే రేడియో గ్రామఫోనును తెచ్చింది. రూపకర్తలు హాన్స్ గూగెలో, డీటర్ రామ్స్. దానికి మొదట రేకు మూత అనుకొన్నారు. ధ్వని పెంచితే రేకు గడగడలాడింది. అందుకని పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టారు. అప్పటివాళ్ళు దాన్ని ‘స్నోవైట్ శవపేటిక’ అని వేళాకోళం చేశారు గాని, ఆ తరువాతి రికార్డు ప్లేయర్లు ఆ మూతనే అనుసరించాయి. 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 హెడ్‌ఫోనూ అంతే. చెవులను బిగించి మూసే బరువైన గిన్నెలకు బదులు, గాలి ఆడే తేలికైన గిన్నెలు, పసుపుపచ్చ స్పాంజి దిండ్లు. దాని ధ్వనిలో ఉన్న విశాలత్వం ఆ తెరిచిన రూపం ఇచ్చినదే. మా షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహాల సంకేతాలను అందుకొనే ఎన్నార్‌ఎస్సీ కేంద్రపు పళ్ళేలను చూడండి. అవీ చెవులే. ఎవరూ సింగారించలేదు, అయినా చూడముచ్చటగా ఉంటాయి.

“అయితే ఈనాటి తళుకులన్నీ మంచివేనా?” అని మీరు అడగవచ్చు. కానేకాదు. అంగడిలో రంగురంగుల దీపాలు మిణుకుమనే స్పీకరు పెట్టెలున్నాయి. జాలీ పెద్దది, వెనుక స్పీకరు చిన్నది. చెక్క అనిపించేది కాగితపు పొర. మర ఒక్కటీ లేదు, అంతా జిగురు. చెడితే విప్పే దారి లేదు. ఇది రూపం కాదు, వేషం. అయితే ఈ వేషాన్ని పట్టుకొనేది ఎవరు? చూడటం నేర్చినవాడే. “రూపంతో పనేమిటి” అని కన్ను మూసుకొన్నవాడు కాదు. రూపాన్ని చిన్నచూపు చూసే పండితుడూ, వేషాన్ని అమ్మే వర్తకుడూ పరస్పరం శత్రువులనుకొంటారు గాని, మొదటివాడు మన కంటికి గంత కడితే, రెండవవాడు జేబులో చేయి పెడతాడు.

చివరగా ఒక ఒప్పుకోలు. మా రేడియో మూగబోయింది. వాల్వు దొరకదన్నాడు మెకానిక్కు. పెట్టె మూలన పడింది. పాత సామాను బండి వచ్చిన రోజు నాయనమ్మ “ఉండనీయ్‌రా” అన్నది. “పలుకని రేడియో ఎందుకే?” అన్నాను నేను. బండివాడు ఇంటిముందే చెక్క పగులగొట్టి రాగితీగ, ఇనుము వేరు చేసుకొన్నాడు. ఊళ్ళ పేర్లున్న అద్దం రెండు ముక్కలైంది. బొట్టు అప్పటికీ చెరిగిపోలేదు.

నా మాటకూ, నా మిత్రుని మాటకూ భేదమేముంది? పలకటం ఒక్కటే దాని పని అనుకొన్నాను. అది ఆమెకు అక్షరం లేని లోటును తీర్చిన వస్తువని, ఆ లోటును తీర్చింది దాని రూపమేనని అప్పుడు నాకు కనబడలేదు.

కాబట్టి దుకాణం ముందు నిలబడి చూస్తాను. మీరూ చూడండి. కొనకపోయినా ఫరవాలేదు.