మాఘమాసమున కళ్లపు పెండ్లి

గత మాసమున మాకు వచ్చిన జాబులలో పట్టణవాసినియగు నొక సోదరీమణి జాబు మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఆమె కుమార్తెయు, కాబోవు అల్లుడును కల్యాణమండపము వలదనియు, తాతగారి యూరిలో, కోతలు ముగిసిన కళ్లమునందు తాటాకుపందిరి క్రిందనే పెండ్లి జరుగవలెననియు పట్టుపట్టినారట. మాఘమాసమున ముహూర్తము; అదియు రాత్రి రెండుగంటల వేళకు. ముచ్చటగానే యున్నది గాని ఏర్పాటు ఎచ్చట మొదలుపెట్టవలెనో తోచుటలేదని యామె వ్రాసినది. ఇట్టి కోరిక ఇప్పుడు చాల ఇండ్లలో వినవచ్చుచున్నది గనుక, అందరకును పనికివచ్చునట్లు ఇచ్చటనే వ్రాయుచున్నాము.

కోరిక మంచిదే. అయినను మన పెద్దలు శీతకాలపు పెండ్లికి మాఘమునే ఏల ఎంచుకొనిరో కొంచెము యోచింపుడు. ధనుర్మాసమునను పుష్యమునను వివాహములు చేయము. సంక్రాంతి వెళ్లి మాఘము ప్రవేశించునప్పటికి ధాన్యము గాదెకు చేరును, చేతిలో నాలుగు రూపాయలాడును, కళ్లము ఖాళీ యగును, పనివారికి తీరిక చిక్కును. అది వేడుకకొరకు పుట్టిన ఏర్పాటు కాదు, సంసారపు లెక్క. ఆ లెక్క ఇప్పుడు మారినది. చాల యూళ్లలో యంత్రము చేలోనే కోసి నూర్చి గింజ నిచ్చి పోవుచున్నది. కళ్లమను చోటే లేదు. డెల్టాలో దాళ్వా వేయుచోట మాఘమున చేలనిండ నీరుండును; ప్రక్కనేల చెమ్మగిలి ప్రొద్దుగూకినది మొదలు దోమలు ముసరును. మినుము, పెసర చల్లినచోట చేను త్రొక్క వీలులేదు. కావున తాతగారి కాలపు మాట నమ్మి శుభలేఖలు అచ్చువేయింపక, ముందుగా ఒకమారు పోయి, రాత్రి ఎనిమిదిగంటల వేళ ఆ చోట నిలిచి చూచి రండు. పగలు చూచిన చోటు వేరు, చీకటిపడిన పిమ్మట చూచిన చోటు వేరు.

మేము చెప్పదలచినది ముఖ్యముగా ఈ రాత్రిని గూర్చియే. వేసవిపందిరి ఎండకొరకు వేయుదురు. పైని ఆకు పరచిన చాలును. శీతకాలపు పందిరికి పైకప్పు కంటె ప్రక్కలు ముఖ్యము. మన తీరమున ఈ దినములలో గాలి ఈశాన్యమునుండి వచ్చును. ఉత్తరమునను తూర్పునను నిలువెత్తు దడి కట్టింపుడు. దక్షిణము, పడమర తెరచియుంచి, దడిలో సైతము వెడల్పైన దారి యొకటి విడువుడు. ఆ దారి ఎందుకో క్రింద చెప్పెదము. క్రిందికి వరిగడ్డి పరచిన వెచ్చగా నుండునని కొందరందురు. వెచ్చగా నుండుట నిజమే, కాని పందిట గడ్డి పనికిరాదు. గోనెపట్టలు పరచి వానిపై జంపఖానాలు వేయుడు.

ఏలయన, ఎండిన ఆకు, ఎండిన గడ్డి, హోమాగ్ని, విద్యుత్తీగెలు ఈ నాలుగును ఒక్కచోట చేరినవి. 2004 జనవరిలో తమిళనాట శ్రీరంగమున ఒక పెండ్లిలో ఆకుపందిరికి నిప్పంటుకొని, వరునితో కూడ ఏబదిమందికి పైగా మరణించిరి. చిత్రములు తీయుటకు పెట్టిన దీపపు తీగెవద్ద పుట్టిన నిప్పు అని చెప్పుకొనిరి. శుభము పలుకవలసిన చోట ఈ మాట ఏల యని మీరు నొచ్చుకొనవచ్చును. పెండ్లి పనులు మొదలైన పిమ్మట ఈ మాట చెప్పువా రుండరు గనుక మేమే చెప్పుచున్నాము. హోమగుండము పైభాగమున ఆకు వేయక రేకు వేయింపుడు, లేదా ఆకాశమునకు విడిచిపెట్టుడు. పొగయు పైకి పోవును, ఉబ్బసము గల పెద్దలకు హాయి. దీపములు రాటలకు కట్టవలెను గాని ఆకులో దూర్పరాదు. వంటపాక గడ్డిమేటునకు దూరముగా, గాలి వీచుటకు క్రిందివైపున నుండవలెను. నాలుగు పీపాల నీరు, రెండు బుట్టల ఇసుక పందిరి ప్రక్కనే యుంచి, వానిని గనిపెట్టి యుండుటకు ఒక మనిషిని నియమింపుడు. బాణసంచా మాట ఎత్తనే వలదు. దడిలో దారి విడువుమన్నది ఇందుకే.

ఇక ముహూర్తము. సిద్ధాంతిగారిని పగటి ముహూర్తము కలదేమో మరల చూడుమని యడుగుట తప్పు కాదు. దంపతుల జాతకములకు సరిపడు లగ్నము పగలు దొరికినచో పైన వ్రాసిన చింతలో సగము తీరిపోవును. మగపెండ్లివారు ఏమనుకొందురో యని మనవారు నోరు మెదపరు. అడిగి చూడుడు, వారి ఇంటను ముసలమ్మలుందురు, చంటిపిల్లల తల్లులుందురు. రాత్రియే తప్పదన్నచో పెండ్లికూతురి సంగతి ఆలోచింపుడు. దినమెల్ల ఉపవాసము, వేళగాని వేళ మంగళస్నానము, ఒంటిమీద పలుచని నూలు మధుపర్కములు, గంటలకొలది పీటపై కూర్చుండుట. పార్వతీదేవి పుష్యమాసపు రాత్రులు నీటిలో నిలిచి తపస్సు చేసినట్లు కాళిదాసు కుమారసంభవమున వర్ణించెను. మన పిల్లకు వరుడు ముందే కుదిరినాడు గదా, ఆ తపస్సు అక్కరలేదు. కాగులో వేడినీరు సిద్ధముగా నుంచుడు. స్నానము కాగానే తల బాగుగా తుడిచి ఆరనిండు. మధుపర్కము లోపల వెచ్చని రవిక తొడుగుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు. పాలు, పండ్లు పుచ్చుకొనవచ్చునని పురోహితులే చెప్పుదురు.

వంటవిషయమున శీతకాలము కొంత మేలు, కొంత చిక్కు. వంకాయ, చిక్కుడు, గుమ్మడి పెరటనే దొరకును. కాని ఇంట క్రొత్తబియ్యము కలదు గదా యని అన్నమునకు అవియే దింపినచో ముద్ద కట్టును. అన్నమునకు, పులిహోరకు పాతబియ్యమే కావలెను. క్రొత్తబియ్యమును క్రొత్తబెల్లమును పరమాన్నమునకు వాడుడు, ఆ రుచి వేసవిపెండ్లికి రాదు. పెరుగు ఈ చలికి త్వరగా తోడుకొనదు. పాలు వేసవిలోకంటె కొంచెము వేడిగా నున్నప్పుడే తోడువేసి, కుండల చుట్టును గోనె చుట్టి, గాలి చొరని గదిలో ముందునాటి సాయంకాలమే పెట్టుడు. నేయి పేరుకొనును, గిన్నెను వేడినీటిలో నిలిపి వడ్డింపుడు. విస్తరిలో అన్నము చిటికలో చల్లారును గనుక పంక్తికి నూరుమందిని మించనీయకుండుట మంచిది.

పువ్వులను గూర్చి వ్రాయవలసినది తక్కువ. మల్లె ఇంకను రాదు. చేమంతి, బంతి, కనకాంబరము కలవు. తోరణములకు మామిడిమండలు విరుచువారికి పూత వచ్చిన కొమ్మ ముట్టవలదని చెప్పుడు, అది తాతగారి వేసవి ఆదాయము. బండిచక్రములను, పాతకుండలను అద్దెకు తెచ్చి పందిట నిలబెట్టుట పల్లెదనమనుకొనువారిని చూచి మాకు నవ్వు వచ్చును. ఆ సొమ్ముతో ఆడువారికి రెండు తాత్కాలికపు మరుగుదొడ్లు, వానికి దీపము, నీటితొట్టి ఏర్పరచిన నాలుగురెట్లు పుణ్యము. పొరుగూళ్లనుండి వచ్చిన ఆడువారు చీకటిలో ఎచ్చటికి పోవుదుమని మధ్యాహ్నమునుండి మంచినీరు ముట్టక కూర్చుండుట మేము ఎరుగుదుము. ఈ మాట మగవారికి తట్టదు, మీరే పట్టుపట్టవలెను. కళ్లము అలికి ముగ్గులు పెట్టు ఆ యూరి ఆడువారికి కూలి ముందే మాటాడుకొనుడు, కూలితోబాటు శుభలేఖయు ఈయుడు.

మగపెండ్లివారి బస్సు ప్రొద్దుండగనే ఊరు చేరవలెను. తెల్లవారుజామున కాలువగట్లమీద మంచు క్రమ్మినప్పుడు దారి కానరాదు. తిరుగుప్రయాణము సైతము ఎండపొడ వచ్చిన పిమ్మటనే. చుట్టములు పండుకొను గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగింపరాదు. దానినుండి పుట్టు విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. వెచ్చదనమునకు దుప్పట్లే శరణ్యము. ఊరిలో ఇంటింట అడిగి తెచ్చునప్పుడు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క రంగుదారముతో మూలన గుర్తు కుట్టి, లెక్క ఒక పుస్తకమున వ్రాసి, అప్పగింతలైన మరునాడే ఉతికించి ఎవరివి వారికి పంపుడు.