సర్దుకోవాల్సింది గోడే

గోడ రంగుకి నప్పలేదని పాత ఫర్నిచర్ అమ్మేయడానికి నేను ఒప్పుకోను. గోడకి కొన్నేళ్ళకోసారి ఎలాగూ రంగు మారుస్తాం. తాతయ్య చేయించిన టేకు బీరువా అమ్మేస్తే మళ్ళీ రాదు. కాబట్టి సర్దుకోవాల్సింది గోడే.

ఫోన్‌లో చూసి రంగు ఖాయం చేయకండి. మామూలు స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని కలిపి 256×256×256, అంటే 1,67,77,216 రంగులు చూపిస్తుంది. గోడ తనంతట తాను వెలగదు కదా! మీద పడ్డ వెలుగులో కొంత తిప్పి పంపుతుంది, అంతే. అందుకే పగలు ఒకలా, రాత్రి బల్బు కింద ఇంకోలా కనిపిస్తుంది.

చిన్న డబ్బా కొని, బీరువా పక్కనే రెండడుగుల మేర వేసి, రెండు పూటలా చూడండి. టేకులో కాస్త నారింజ ఛాయ ఉంటుంది. లేత నీలం పక్కన అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, క్రీమ్ పక్కన కలిసిపోతుంది. ఏది బాగుందో ఆ బీరువాని రోజూ వాడే నానమ్మని అడగండి.