ఆ పిల్ల ఎందుకు జారిందో తెలుసుకుని మాట్లాడండి



వారం రోజులుగా మన సంఘం గ్రూపులో ఒకటే చర్చ. ఎవరి ఇంట్లోనో కోడలు పిల్ల గదిలో స్టీలు పోల్ పెట్టుకుందట, యూట్యూబ్ చూసి పోల్ డాన్స్ నేర్చుకుంటోందట, మొన్న జారిపడి మణికట్టు బెణికిందట. "దేవుడే బుద్ధి చెప్పాడు" అని ఒకరు. "బార్‌లో చేసేవి ఇంట్లో చేస్తే ఇంతే" అని ఇంకొకరు. "నిండుగా బట్టలేసుకుని చేయమనండి, మాకేం అభ్యంతరం లేదు" అని దయగల మూడో పెద్దమనిషి. మహిళా విభాగంలో ఉన్న మేము కొందరం ఆ పిల్లతో మాట్లాడాం. మాట్లాడాక ఇది రాయక తప్పలేదు. కొంచెం పొడుగవుతుంది. చదవకుండా దండం బొమ్మ పెట్టి పోకండి.

ముందు ఆ మూడో సలహా సంగతే చూద్దాం, ఎందుకంటే అసలు దెబ్బ తగిలింది దాని వల్లే. పోల్ మీద మనిషిని ఆపేది చర్మం. మోకాలి వెనక మడత, తొడ లోపలి వైపు, మోచేతి మడత, నడుము పక్క, ఇవి లోహానికి గట్టిగా ఒత్తుకుంటేనే మనిషి పైన నిలుస్తుంది. మధ్యలో బట్ట వచ్చిందంటే జారుతుంది. నమ్మకపోతే సాక్సులేసుకుని నున్నటి గ్రానైట్ మెట్లు దిగి చూడండి, కానీ పక్కన ఎవరినైనా పెట్టుకోండి. ఆ పొట్టి నిక్కరు ఫ్యాషన్ కోసం వేసుకునేది కాదు అన్నయ్యా, బండి మీద హెల్మెట్ లాంటిది. మరి ఆ పిల్ల ఏం చేసింది? ఎవరైనా వీడియో చూస్తే ఏమంటారోనని చీలమండల దాకా లెగ్గింగ్స్ వేసుకుని ఎక్కింది. ఎవరన్నా అంటే ఎవరు? మనమే.

రెండో కారణం చేతులకు పూసుకున్న చాక్ పౌడర్. జిమ్‌కు వెళ్ళే తమ్ముడు తెచ్చిచ్చాడట. బరువులెత్తేవాళ్ళకు చేతులు చెమట పడతాయి, ఆ చెమటను పీల్చడానికి మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాస్తారు. చెమటే పట్టని చేతికి ఆ పొడి రాస్తే ఉన్న కాస్త తడీ పోతుంది. క్యారం బోర్డు మీద పౌడర్ ఎందుకు చల్లుతామో మనకు తెలియదా!

మన ఊరి సంగతి వేరే చెప్పాలా? చలికాలం గాలి పొడి, ఎండాకాలం అంతకంటే పొడి, బోరు నీళ్ళు ఉప్పన. సబ్బుతో రెండుసార్లు స్నానం చేస్తే కాళ్ళ మీద గోటితో గీత గీస్తే తెల్లగా కనిపిస్తుంది. అలాంటి చర్మం లోహాన్ని పట్టుకోదు. ఇది అర్థం కావడానికి చదువులు అక్కర్లేదు. దుకాణంలో నోట్లు లెక్కపెట్టే మామయ్య తడి స్పాంజి మీద వేలు ఎందుకు అద్దుతాడు? మన అమ్మలు, అత్తలు ఇన్నేళ్ళు బీడీలు చుట్టారు. ఎండిన ఆకు చేతిలోనే చిట్లిపోతుందని తడిపే కదా చుట్టేది? అలాగని నీళ్ళోడే ఆకుతోనూ పని జరగదు. చర్మం కూడా అంతే: మరీ ఎండినా జారుతుంది, మరీ తడిసినా జారుతుంది. మధ్యలో ఉండే ఆ సన్నటి చెమ్మే పట్టు.

ఇక ఆముదం. "మల్లఖాంబ్ స్తంభానికి ఆముదం రాస్తారు, దీనికీ రాయండి" అని ఒక కాకా గారి సలహా. కాకా, అది టేకో శీశమో కర్ర. అడుగున లావుగా, పైకి సన్నబడుతూ ఉంటుంది. ఒళ్ళు ఒరుసుకుపోకుండా దానికి ఆముదం. ఇది నికెల్, క్రోమ్ పూతల కింద ఇనుము, కింద నుంచి పై దాకా ఒకే మందం, మామూలుగా 45 మిల్లీమీటర్లు. దీనికి నూనె చుక్క తగిలినా ఎక్కిన మనిషి నేల మీదే. కొబ్బరి నూనె, క్రీములు కూడా ఎక్కబోయే ముందు వద్దు.

మరేం చేయాలి? ఒంటికి మాయిశ్చరైజర్ రోజూ రాయాలి, కానీ రాత్రి పడుకునే ముందు, స్నానం చేసిన తడి ఆరకముందే. తెల్లారి ఎక్కేటప్పటికి అది చర్మంలో ఇంకిపోయి ఉంటుంది. ఎక్కే ముందు పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా కసరత్తు చేయాలి, సన్నగా చెమట పట్టేదాకా. చల్లటి లోహం కూడా పట్టు ఇవ్వదు కాబట్టి చలికాలం పోల్‌ను పొడిగుడ్డతో గట్టిగా రుద్ది వెచ్చబరచాలి. అంతకు ముందు మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో పోల్‌ను తుడిచి ఆరనివ్వాలి. స్పిరిట్ పోల్‌కే, చేతులకు కాదు. శానిటైజర్ కూడా చర్మాన్ని ఎండబెడుతుంది. అప్పటికీ జారుతుంటే నీళ్ళలో కొంచెం గ్లిజరిన్ కలిపి స్ప్రే సీసాలో పోసి, మోకాలి మడతలకు, తొడలకు పలచగా కొట్టి, కాస్త ఆరి జిగురుగా తగిలాక ఎక్కాలి. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే మళ్ళీ జారుడే. తేనెమైనం కలిసిన గ్రిప్‌లూ అమ్ముతారు, పొడి చర్మానికి అవి పనికొస్తాయి. కొత్తగా కొనేవాళ్ళకు ఒక మాట: క్రోమ్ కంటే ఇత్తడి ఎక్కువ పట్టు ఇస్తుంది.

అన్నిటికంటే ముందు పోల్ గట్టిగా ఉందో లేదో చూడండి. స్లాబుకు ఒత్తి బిగించే రకమైతే ఎక్కిన ప్రతిసారీ బిగువు చూసుకోవాలి. పీఓపీ ఫాల్స్ సీలింగ్‌కు, రేకులకు అస్సలు బిగించొద్దు. కింద మందపాటి మ్యాట్ ఉండాలి.

ఇప్పుడు సిగ్గు గురించి మాట్లాడేవాళ్ళను అడుగుతున్నాం. శివజయంతి ఊరేగింపులో, గణపతి మండపాల ముందు లంగోటా తప్ప ఒంటి మీద నూలుపోగు లేని కుర్రాళ్ళు స్తంభానికి తలకిందులుగా వేలాడితే మనం ఈలలు వేస్తాం, సెల్‌ఫోన్లలో తీస్తాం, మనవణ్ణి భుజాల మీదికి ఎత్తి చూపిస్తాం. మంచిదే, మాకూ ఇష్టమే. మల్లఖాంబ్ గురువు ఉదయ్ దేశ్‌పాండే గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన గ్రూపులోనే ఎన్ని చప్పట్లు! అదే స్తంభం ఇనుపదై, ఎక్కేది మన కోడలైతే దేవుడికి కోపం వచ్చిందా? పోల్ క్రీడకు అంతర్జాతీయ సమాఖ్య ఉంది, పోటీలు జరుగుతున్నాయి. 2017లో ప్రపంచ క్రీడా సమాఖ్యల కూటమి దానికి పరిశీలక హోదా ఇచ్చింది. బార్లలో ఆడేదీ ఉంది, కాదనం. అలాగని ఢోలకీ తమాషాలో మోగుతుందని భజనలో మానేశామా?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ కుటుంబాన్ని "పిలిపించి అడగాలి" అని ఎవరో అజెండాకు పంపారని విన్నాం. ఆ అంశం వెనక్కి తీసుకోవాలి. దాని బదులు మా అంశం రాసుకోండి: సంఘం హాలు పై గదిలో వాడకుండా పడి ఉన్న తాలీమ్ మ్యాట్లు రెండు ఆ ఇంటికి ఇప్పించాలి, ఆడపిల్లల కసరత్తుకు వారానికి రెండు సాయంత్రాలు మగవాళ్ళు రాకుండా ఆ గది ఇవ్వాలి. ఆ సమయంలో వాళ్ళు ఏం బట్టలేసుకున్నారన్నది ఎవరూ అడగకూడదు. మద్దతు ఉన్నవాళ్ళు కింద పేరు రాయండి. లేనివాళ్ళు కూడా రాయండి, ఎందుకు లేదో కారణంతో సహా.