ఆటకు ఒక గది

ఆట అనగానే మన పెద్దల ముఖాలలో కొంత విసుగు కనిపిస్తుంది. క్రికెట్టుకు మైదానమున్నది, పోటీలున్నవి, కప్పులున్నవి; కనుక దానిని క్షమిస్తారు. బహుమతీ మార్కులూ లేని ఆటను మాత్రం కాలహరణమంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలించడానికి ఒక చిన్న రైలును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

అమెరికాలో క్రిస్మస్ చెట్టు చుట్టూ బొమ్మరైలు నడపడం ఒక పండుగ ముచ్చట. మన తెలుగు లోగిళ్లలో దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు తీర్చినట్లే, అక్కడ డిసెంబరు నెలలో రైలునమూనాల సంఘాలవారు తమ రైళ్లను ప్రదర్శనకు పెడతారు. కొన్ని వినోదోద్యానాలలో రంగుదీపాలకు, రంగులరాట్నాలకు నడుమ ఒక హాలును వీరికి కేటాయిస్తారు. బాగా వాడుకలో ఉన్న హెచ్ఓ కొలతలో ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో 87వ వంతు. పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మన ప్రయాణికుల రైలుపెట్టె జానెడు పొడవుంటుంది.

చూపరులకు కనిపించేది రైలు. నన్ను ఆకర్షించినది దాని వెనుకనున్న కట్టుబాటు. ఇటువంటి ప్రదర్శనలలో చాలావాటిని ఏ ఒక్కరూ నిర్మించరు. ఒక్కొక్క సభ్యుడు తన ఇంటివద్ద ఒక్కొక్క బల్లముక్కను సిద్ధం చేసుకుంటాడు. ఒకరు కొండను, ఒకరు పల్లెను, మరొకరు వంతెనను కల్పిస్తారు. లోపల ఏముండాలన్నది వారి ఇష్టం. అంచులవద్ద పట్టాల ఎత్తు, ఎడం, విద్యుత్తీగల కూర్పు మాత్రం అందరూ అంగీకరించిన ప్రమాణంలోనే ఉండితీరాలి. 1970వ దశకంలో రూపుదిద్దుకున్న ఎన్‌ట్రాక్ పద్ధతిలో సాధారణంగా ఒక్కొక్క ముక్క నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పండుగనాడు అన్నింటినీ చేర్చి బిగిస్తే రైలు ఒకరి కొండ దాటి మరొకరి పల్లెలోకి సాగిపోతుంది. అంచు సరిపోని ముక్క ఎంత అందంగా ఉన్నా రైలు అక్కడ పడిపోతుంది. ఇక్కడ వేరే పరీక్షకుడు అక్కరలేదు, రైలే పరీక్షకుడు.

ఇది పెద్దల సరదా మాత్రమే కాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ స్థాపించారు. యుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన ఒక చెక్కభవనంలో వారికి గది దొరికింది. కొందరు బల్లపైన ఊళ్లు, ఇంజన్లు తయారుచేస్తుంటే, మరికొందరు బల్లక్రింద పాత టెలిఫోను రిలేలతో, స్విచ్చీలతో రైళ్లను నడిపే ఏర్పాటు చేసేవారు. 40 గంటలు పనిచేసిన సభ్యునికి గది తాళంచెవి ఇచ్చేవారని స్టీవెన్ లెవీ 1984లో ప్రచురించిన ‘హ్యాకర్స్’ గ్రంథంలో పేర్కొన్నాడు. వారిలో పలువురు తరువాత కంప్యూటర్లవైపు మళ్లారు. 1962లో ‘స్పేస్‌వార్’ అనే కంప్యూటరు ఆటను రూపొందించిన బృందంలో ఈ క్లబ్బు సభ్యులున్నారు. అందరూ అంతవారవుతారని నేననను. వారికి మొదట లభించినవి ఒక గది, కొంత పాతసామాను, పెద్దల నమ్మకం అని మాత్రమే అంటాను.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఒక విద్యార్థి బల్లక్రింద అట్టముక్కలతో రైలింజను తయారుచేస్తూ పట్టుబడ్డాడు. పాడైన బొమ్మకారు మోటారును దానికి అమర్చుకున్నాడు. “మలుపు దగ్గర పట్టా తప్పుతోంది సార్, ఎందుకో తెలియడం లేదు” అన్నాడు. “ఇది పరీక్షలో అడుగుతారా?” అని గద్దించి దానిని లాక్కున్నాను. తరగతిలో పాఠం వినమనడం తప్పు కాదు. ఆ ప్రశ్నను తరగతి బయట కూడా వినకపోవడం తప్పు. అసలు రైలుచక్రం అంచు కొంచెం వాలుగా ఉంటుందనీ, మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టుకొలతమీద దొర్లడానికి అది తోడ్పడుతుందనీ తరువాత చదివి తెలుసుకున్నాను. చెబుదామనుకొనేసరికి అతడు కళాశాల విడిచి వెళ్లిపోయాడు. ఆ ఇంజను నేటికీ నా బీరువాలో ఉన్నది.

“మన విద్యార్థులు పేదవారు, వీరికి ఈ సరదాలెందుకు?” అని కొందరు పెద్దలు అడుగవచ్చు. కలవారి పిల్లవానికి ఇంటిలోనే బల్ల, దీపం, పనిముట్లు ఉంటాయి. ఒకే గదిలో ఆరుగురు నివసించే ఇంటి పిల్లవానికి అవి కళాశాలలోగాక మరెక్కడ దొరుకుతాయి? పేదరికం ఈ గదిని నిరాకరించడానికి కారణం కాదు, ఇవ్వడానికే కారణం.

కమిటీవారికి నా మనవి స్వల్పమైనది. విదేశీ బొమ్మరైళ్లు కొనమని నేనడగను. ఒక ఖాళీ గదిని, రెండు బల్లలను, స్టోరులో మూలపడిన పాత ఫ్యానులను, రేడియోలను విద్యార్థులకు అప్పగించండి. శనివారం మధ్యాహ్నాలు నేనూ అక్కడ కూర్చుంటాను. వార్షికోత్సవంనాటికి ఉర్దూ మాధ్యమంవారు కొన్ని ముక్కలు, తెలుగు మాధ్యమంవారు కొన్ని ముక్కలు సిద్ధం చేయాలి. అంచుల కొలతలు మాత్రం ఇరువురూ కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి.

విద్యార్థులారా! గది దొరికితే మొదటి పని మీకిప్పుడే చెబుతున్నాను. నా బీరువాలోని ఇంజను మలుపు తిరగాలి.