సిద్ధాంతవ్యాసమున కృతజ్ఞతాపత్రము

కృతజ్ఞతాప్రకటనము తెలుగువాఙ్మయమునకు క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దిలో ఆంధ్రమహాభారతరచనకు పూనిన నన్నయభట్టు, ఆ కార్యమున తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికయందు స్మరించెను. ప్రభువైన రాజరాజనరేంద్రుని ప్రశంస అందే వేరుగా కలదు. ఒకటి ఆశ్రయదాతకు చెల్లించిన గౌరవము. రెండవది పనిలో పాలుపంచుకొనిన పండితుని ఋణము. ఈ రెంటిని నన్నయ కలగాపులగము చేయలేదు.

నేటి సిద్ధాంతవ్యాసములలోని కృతజ్ఞతాపత్రములను చూచినచో ఈ వివేకము అరుదుగా కనబడును. పర్యవేక్షకుని వాత్సల్యము, అపారపాండిత్యము, అమూల్యసూచనలు అను మాటలు ప్రతి వ్యాసమున పునరావృత్తములగుచుండును. పేరు మార్చినచో ఒకరి పత్రము మరియొకరికి సరిపోవును. ఆ సూచనలు ఏవో, వానివలన ఏ ప్రకరణము ఎట్లు మారినదో చెప్పువారు కొలదిమంది.

ఇది విద్యార్థుల హృదయదోషము కాదు, సమయదోషము. తమ పట్టము ఎవరి సంతకముపై ఆధారపడియున్నదో, ఆ సంతకమునకు ముందే వారికి కృతజ్ఞత చెప్పవలసివచ్చుచున్నది. చెప్పకున్న అపచారమగును. చెప్పినచో అది మనఃపూర్వకమో, అవసరార్థమో గురువునకు సైతము తెలియదు. ఇందువలన శిష్యునికంటె గురువునకే నష్టమెక్కువ: తనకు న్యాయముగా రావలసిన మాట కూడ అనుమానాస్పదమగును.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము మైసూరున కలదు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, మైసూరులో తత్త్వశాస్త్రాచార్యులై యుండి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు తరలిరి. ఆనాడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాగుచు వారిని రైలుస్టేషనుకు సాగనంపిరి. ఊరు విడచిపోవు అధ్యాపకుడు మార్కులు వేయడు, సిఫారసు చేయడు. ఆ గౌరవమునకు విలువ కలిగినది అందువలననే. వారి జన్మదినమైన సెప్టెంబరు 5 దేశమున 1962 నుండి ఉపాధ్యాయదినోత్సవముగా జరుగుచున్నది. కాని అడుగక లభించిన ఆ ఒక్కనాటి గౌరవమునకును, ఏటేట తేదీ ప్రకారము జరుగు ఉత్సవమునకును అంతరము కలదు.

పండితలోకమునకు మరింత సన్నిహితమైన ఉదాహరణము 1968 నాటిది. ద్రావిడభాషాపరిశోధకుడైన ఎమెనో షష్టిపూర్తికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన గౌరవసంపుటమున ఉన్నవి స్తుతిపద్యములు కావు, భాషాశాస్త్రవ్యాసములు. షష్టిపూర్తి మన ఆచారము, గౌరవింపబడినది విదేశీయుడు, అర్పింపబడినది విద్య. అభినందనసంచికలు వెలువరించు సంఘములకు ఇంతకంటె మంచి మార్గదర్శకము అక్కరలేదు.

గురుభక్తి మన సంప్రదాయము కదా, దానిని నియమములతో కట్టివేయుట తగునా అని కొందరు శంకింపవచ్చును. సంప్రదాయమే ఇందుకు సమాధానము చెప్పుచున్నది. మానవుడు తీర్పవలసిన మూడు ఋణములలో ఋషిఋణము తీరునది స్తుతిచే కాదు, అధ్యయనముచే. గురువు నిర్ణయించిన పాఠము తప్పని తాళపత్రప్రతుల ఆధారముతో నిరూపించిన శిష్యుడు ఆ ఋణమును తీర్చుచున్నవాడే. ఏకలవ్యుని బొటనవ్రేలు కోరిన దక్షిణ ఏ విశ్వవిద్యాలయమునకును ఆదర్శము కాజాలదు.

కావున తెలుగుశాఖలు ఒక చిన్న మార్పు చేసికొనుట మేలు. పరీక్షకై సమర్పించు ప్రతిలో సహాయవివరణము మాత్రమే ఉండవలెను: ఏ ప్రతి ఎవరివలన లభించినది, ఏ సందేహమును ఎవరు తీర్చిరి, ఏ వాదము ఎవరి సూచనతో మారినది. పాట పాడి వినిపించిన పల్లెవారు, మాండలికపదము చెప్పిన వ్యవహర్తలు, తాళపత్రములను వెదకి ఇచ్చిన గ్రంథాలయోద్యోగులు అందు చేరవలెను. వారి సమ్మతితో వారి పేర్లును ఉండవలెను. హృదయపూర్వకమైన కృతజ్ఞతాపత్రమును పట్టము చేతికి వచ్చిన పిదప, ముద్రణకాలమున చేర్పవచ్చును.

అప్పుడు కొన్ని పత్రములు చిన్నవి కావచ్చును. కొన్నింట గురువు పేరు లేకయే పోవచ్చును. ఉన్నచోట మాత్రము ఆ పేరు సందేహమునకు తావీయదు. పరభాషాప్రాంతమున, ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో తెలుగు దీపమును నిలుపుకొని వచ్చుచున్న అధ్యాపకునకు అటువంటి ఒక్క వాక్యమే చాలును.